టి పరీక్షలో రెండు వైపుల పి విలువ: ఒకే లెక్కకు ఇన్ని జవాబులు ఎందుకు వస్తున్నాయి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
జనవరి 11, రాత్రి 8:50

అందరికీ నమస్కారం. నాది గజపతి జిల్లా. వ్యవసాయంలో ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతున్నాను. గత ఖరీఫ్‌లో కాశీనగర్ వైపు తొమ్మిది మంది రైతుల పొలాల్లో రాగి పంట మీద పరిశీలన చేశాను. ఒక్కో రైతు పొలంలో పక్కపక్కనే రెండు మళ్లు, ఒక్కోటి ఒక సెంటు. ఒక మడిలో ఎప్పటిలాగే విత్తనం వెదజల్లారు. రెండో మడిలో నారు పోసి వరుసల్లో నాటారు. కోసి, ఎండబెట్టి, నూర్చి తూకం వేస్తే వచ్చిన గింజ ఇది. అన్నీ కిలోలు. రెండు వరుసల్లోనూ రైతుల క్రమం ఒకటే.

వెదజల్లిన మడి: 4.1, 5.2, 3.6, 6.5, 5.3, 5.9, 4.4, 4.6, 5.4
వరుస నాటు మడి: 5.4, 6.2, 4.4, 6.1, 5.0, 5.8, 4.5, 5.2, 6.0

తేడాల సగటు 0.4 కిలోలు. వాటి ప్రామాణిక విచలనం 0.6. దాన్ని 9 వర్గమూలంతో, అంటే 3తో భాగిస్తే ప్రామాణిక దోషం 0.2. సగటును ఆ దోషంతో భాగిస్తే టి విలువ 2.00. డీఎఫ్ (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, జతల సంఖ్యలోంచి ఒకటి తీసేసినది) 8. ఇంతవరకు చేత్తో చేసి చూసుకున్నాను, అనుమానం లేదు. పి విలువ దగ్గరే నాలుగు రోజులుగా ఆగిపోయాను.

ఎక్సెల్‌లో టి.డిస్ట్‌కు 2, 8, ట్రూ అని ఇస్తే 0.9597 వచ్చింది. ట్రూ తీసి ఫాల్స్ పెడితే 0.0624. తీసివేతను తిప్పి, వెదజల్లిన దానిలోంచి వరుస నాటును తీసేస్తే టి మైనస్ 2 అయింది; అప్పుడు అదే ఫంక్షన్ 0.0403 అంది. ఆ మైనస్ 2ను టి.డిస్ట్.2టికి ఇస్తే #నమ్! అని దోషం చూపింది. మా గైడు గారి కంప్యూటర్‌లో ఎస్‌పీఎస్‌ఎస్ అనే సాఫ్ట్‌వేర్ 0.081 ఇచ్చింది. హాస్టల్లో నా స్నేహితురాలు, రెండు వైపులకూ కావాలంటే రెట్టింపు చేయాలని పుస్తకంలో ఉంది కదా అని 0.9597ను రెట్టింపు చేసింది. 1.9195 వచ్చింది. సంభావ్యత ఒకటి దాటడం ఎలా కుదురుతుంది?

గైడు గారు 0.0403 వేసి పక్కన నక్షత్రం గుర్తు (పి 0.05 కన్నా తక్కువ, అంటే 5 శాతం గీత దాటిందన్న గుర్తు) పెట్టమంటున్నారు. వరుస నాటుతో దిగుబడి పెరుగుతుందని అందరికీ తెలిసిందే, ఒక వైపు పరీక్ష చాలు అన్నది ఆయన మాట. నాకు మనసు ఒప్పుకోవడం లేదు. ఎందుకు ఒప్పుకోవడం లేదో చెప్పడానికి మాత్రం మాట రావడం లేదు. నా చదువంతా ఒడియాలో, ఇంగ్లిషులో సాగింది. ఎవరైనా తెలుగులో విడమర్చి చెబితే బుర్రకెక్కుతుందని ఇక్కడ అడుగుతున్నాను.


గుణుపురం మాస్టారు
జనవరి 11, రాత్రి 9:35

అమ్మా, ముందు కంప్యూటర్ కట్టేసి ఒక కాగితం తీసుకో. నలభై ఏళ్లు సాంఖ్యకశాస్త్రం చెప్పాను. ఈ ముడి బొమ్మ గీస్తేనే విడుతుంది.

గంట ఆకారంలో ఒక వక్రరేఖ గీయి. సరిగ్గా నడుమ సున్నా. ఎడమ, కుడి అద్దంలో చూసుకున్నట్టు ఒకేలా ఉండాలి. ఈ రేఖ కింద ఉన్న మొత్తం వైశాల్యం 1. నిజంగా రెండు పద్ధతులకూ తేడా ఏమీ లేకపోతే, ఇలాంటి పరిశీలన మళ్లీ మళ్లీ చేస్తే వచ్చే టి విలువలు ఇలా పరుచుకుంటాయి. ఎక్కువ భాగం సున్నా చుట్టూ, తక్కువ భాగం అంచుల్లో.

ఇప్పుడు 2 దగ్గర ఒక నిలువు గీత గీయి. దానికి ఎడమ పక్కనున్నదంతా 0.9597. కుడి పక్కన మిగిలిన చిన్న తోక 0.0403. రెండూ కూడితే 1. ఇక మైనస్ 2 దగ్గర ఇంకో గీత గీయి. దాని ఎడమ తోక కూడా 0.0403, బొమ్మ రెండు పక్కలా ఒకటే కాబట్టి. నీకు వచ్చిన సంఖ్యల్లో ఒక్కటీ తప్పు కాదు తల్లీ. నువ్వు అడిగిన ముక్క వైశాల్యాన్ని ఎక్సెల్ చెప్పింది. టి.డిస్ట్ ఎప్పుడూ ఎడమ వైపుదే చెబుతుంది. 2 ఇస్తే పెద్ద ముక్క, మైనస్ 2 ఇస్తే చిన్న తోక.

ఆ 0.0624 మాత్రం అసలు వైశాల్యమే కాదు. 2 దగ్గర వక్రరేఖ ఎంత ఎత్తున ఉందో అది. ఫాల్స్ అంటే ఎత్తు, ట్రూ అంటే అక్కడిదాకా పోగైన వైశాల్యం. ఎత్తును పి విలువగా రాసిన థీసిస్‌లు నేను దిద్దాను. చూడటానికి పి విలువలాగే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అందుకే దాన్ని ముందుగా గుర్తు పట్టడం నేర్చుకో.

రెండు వైపుల పి విలువ అంటే, తేడా లేదనుకున్నప్పుడు మనకు వచ్చినంత దూరం గానీ అంతకన్నా దూరం గానీ, ఏ పక్కకైనా సరే, పోయే సంభావ్యత. రెండు తోకలూ కూడాలి: 0.0403కు మరో 0.0403. కచ్చితంగా చేస్తే 0.0805. ఎస్‌పీఎస్‌ఎస్ దాన్నే మూడు స్థానాలకు సవరించి 0.081 చూపింది. మీ స్నేహితురాలు రెట్టింపు చేయాలన్న మాట సరైనదే, కానీ తోకను వదిలి పెద్ద ముక్కను రెట్టింపు చేసింది. అందుకే ఒకటి దాటింది.

చేయవలసిన పని ఇంతే. టి విలువకు మైనస్ గుర్తు ఉంటే తీసేయి. కుడి తోక కనుక్కో. రెట్టింపు చేయి. టి.డిస్ట్.2టి ఈ మూడు పనుల్లో చివరి రెండూ చేస్తుంది, మొదటిది నీకే వదిలేస్తుంది. ఆ దోషం అందుకే.


జయపురం కోడర్
జనవరి 11, రాత్రి 10:20

మాస్టారూ, ఆ బొమ్మ మాటలతోనే కళ్లకు కట్టింది. నేను సాఫ్ట్‌వేర్‌ల సంగతి చేరుస్తాను. ఫంక్షన్ పేర్లు పలికినట్టు తెలుగులో రాస్తున్నాను, కంప్యూటర్‌లో ఇంగ్లిషు అక్షరాలతోనే కొట్టాలి.

ఎక్సెల్‌లో టి.డిస్ట్.2టి లోపల టి విలువను ఏబీఎస్‌లో (మైనస్ గుర్తు తీసేసే ఫంక్షన్) చుట్టి ఇవ్వండి. గుర్తు ఏదైనా ఇక దోషం రాదు. కుడి తోక ఒక్కటే కావాలంటే టి.డిస్ట్.ఆర్‌టి. ఈ చుక్కల పేర్లు ఎక్సెల్ 2010లో వచ్చాయి. అంతకుముందు టిడిస్ట్ ఒక్కటే ఉండేది, దాని చివర 1 గానీ 2 గానీ ఇచ్చి ఎన్ని తోకలో చెప్పేవాళ్లం. లిబ్రెఆఫీస్ కాల్క్‌లోనూ ఇవే పేర్లు పనిచేస్తాయి.

ఆర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పీటీ అన్న ఫంక్షన్ కూడా ఎడమ వైశాల్యమే ఇస్తుంది. కాబట్టి టి గుర్తు తీసేసి, దాని ముందు మైనస్ పెట్టి పీటీకి ఇచ్చి, వచ్చిందాన్ని రెండుతో గుణించాలి. అలా చేస్తే ఎప్పుడూ చిన్న తోకే చేతికి వస్తుంది. పైథాన్‌లో సైపై వాడేవారు ఎడమ వైశాల్యం ఇచ్చే సీడీఎఫ్ బదులు ఎస్ఎఫ్ వాడాలి. ఎస్ఎఫ్ నేరుగా కుడి తోక ఇస్తుంది.

ఇక్కడ ఒక మాట. చాలామంది 1లోంచి సీడీఎఫ్ తీసేసి కుడి తోక కనుక్కుంటారు. మామూలు టి విలువలకు ఇబ్బంది లేదు. కానీ డీఎఫ్ 100, టి 12 అయిందనుకోండి. తోక ఎంత సన్నగా ఉంటుందంటే సీడీఎఫ్‌ను కంప్యూటర్ సరిగ్గా 1 అని దాచుకుంటుంది. 1లోంచి 1 తీస్తే సున్నా. పి విలువ సున్నా అని రాసేస్తారు. అది సున్నా కాదు. ఎస్‌పీఎస్‌ఎస్ చూపే .000 కూడా సున్నా కాదు, మూడు స్థానాల్లో పట్టనంత చిన్నదని అర్థం. థీసిస్‌లో 0.001 కన్నా తక్కువ అని రాయాలి.

స్టాటా వాడేవారికి ఇంకో హెచ్చరిక. అక్కడ టీటెయిల్ కుడి తోక ఇస్తుంది, మంచిదే. కానీ అందులో ముందు డీఎఫ్, తర్వాత టి. మిగతా వాటికి తలకిందులు. నేను ఇప్పుడే ఈ లెక్కతో చూశాను. 8, 2 అని ఇచ్చి రెట్టింపు చేస్తే 0.0805. అలవాటు కొద్దీ 2, 8 అని ఇస్తే 0.0153 వచ్చింది. దోషం చూపదు, హెచ్చరించదు. నక్షత్రం పెట్టేసుకుని ముందుకు వెళ్లిపోతాం.


సిరొంచ ఒడ్డు (గడ్చిరోలి జిల్లా)
జనవరి 12, ఉదయం 6:40

మహారాష్ట్ర వైపు నుంచి నమస్కారం. ప్రాణహిత గోదావరిలో కలిసే చోట మా ఊరు, ఎదుటి ఒడ్డున కాళేశ్వరం. మా ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. కాబట్టి మహేంద్రతనయ గారు చెప్పిన కష్టం నాకు బాగా తెలుసు.

తోకల గొడవ తేలింది. అంతకన్నా పెద్ద తప్పు ఒకటి ఇదే లెక్కలో కాచుకుని ఉంది. ఎక్సెల్‌లో టి.టెస్ట్ అనే ఫంక్షన్‌కు రెండు వరుసలూ ఇచ్చి, తోకలు 2 అని చెప్పి, చివర రకం అడుగుతుంది. 1 అంటే జతలు. 2 అంటే రెండు వేరు గుంపులు, విస్తృతి (అంకెలు ఎంత చెదిరి ఉన్నాయన్న కొలత) సమానం. 3 అంటే వేరు గుంపులు, విస్తృతి సమానం కానక్కరలేదు. మీ అంకెలకు రకం 1 ఇస్తే 0.0805. రకం 2 ఇచ్చి చూడండి, 0.306 వస్తుంది.

అవే పద్దెనిమిది అంకెలు, అదే 0.4 తేడా. కానీ 0.08 ఎక్కడ, 0.31 ఎక్కడ? నాలుగో రైతు పొలం మంచిది, ఎలా వేసినా ఆరు కిలోల పైన పండింది. మూడో రైతుది చవక నేల, ఎలా వేసినా నాలుగున్నర దాటలేదు. జతగా చూస్తే పొలానికీ పొలానికీ ఉన్న ఈ తేడా లెక్కలోంచి పోతుంది, పద్ధతి తేడా మాత్రమే మిగులుతుంది. వేరు గుంపులుగా చూస్తే ఆ నేల తేడా అంతా వచ్చి మీద పడి, పద్ధతి తేడాను కప్పేస్తుంది.

మూడేళ్ల కిందట మిర్చి మీద చేసిన ఒక నివేదికలో నేనే ఈ తప్పు చేశాను. జతలుగా తీసిన కొలతలకు రకం 2 ఇచ్చాను. తేడా లేదని రాసి పంపేశాను. ఆ పద్ధతిని పక్కన పెట్టేశారు. తర్వాత వేరే పని మీద ఆ ఫైలు తెరిచినప్పుడు కనిపించింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తప్పు సరిదిద్ది మళ్లీ పంపాను గానీ, అప్పటికే ఒక పంటకాలం గడిచిపోయింది. అందుకే ఎవరు టి పరీక్ష అన్నా ముందు ఇదే అడుగుతాను: ఇవి జతలా, కాదా?


జయపురం కోడర్
జనవరి 12, ఉదయం 9:15

అన్నా, ఇది చెప్పడం చాలా మంచిదైంది. దీనికి తోడు, వేరు గుంపుల పరీక్షలో ఒక్కో సాఫ్ట్‌వేర్ అలవాటు ఒక్కో రకం. ఆర్‌లో టి.టెస్ట్‌కు ఏమీ చెప్పకపోతే వెల్చ్ పద్ధతి, అంటే విస్తృతులు సమానం అనుకోదు. సైపై, స్టాటా ఏమీ చెప్పకపోతే సమానం అనుకుంటాయి. ఎస్‌పీఎస్‌ఎస్ రెండు వరుసలూ చూపించి ఎంపిక మనకు వదిలేస్తుంది. మహేంద్రతనయ గారి అంకెలను తప్పుగా వేరు గుంపులనుకుంటే వెల్చ్‌లో డీఎఫ్ 16 బదులు 14.76 అవుతుంది, పి 0.307. ఇక్కడ పెద్ద తేడా లేదు, రెండు గుంపుల్లోనూ తొమ్మిదేసి ఉన్నాయి కాబట్టి. గుంపుల పరిమాణాలు బాగా వేరైతే ఆ తేడా పెరుగుతుంది. ఏ పద్ధతి వాడారో థీసిస్‌లో ఒక్క వాక్యం రాస్తే చదివేవారికి తిప్పలు తప్పుతాయి.

చేయి అలవాటు కావాలంటే ఆర్‌లోనే స్లీప్ అనే దత్తాంశం ఉంది. పది మంది రోగులకు రెండు మందులు ఇచ్చినప్పుడు నిద్ర ఎంత పెరిగిందో కొలిచిన అంకెలు. జతలుగా చేస్తే టి మైనస్ 4.0621, డీఎఫ్ 9, పి 0.002833. జత విడదీసి వెల్చ్ చేస్తే పి 0.07939. ఈ సంఖ్యలు మీకు వస్తే మీ చేయి సరిగ్గా తిరిగినట్టే.


గుణుపురం మాస్టారు
జనవరి 12, మధ్యాహ్నం 12:10

స్లీప్ దత్తాంశం పేరు ఎత్తారు, సంతోషం. 1908లో స్టూడెంట్ అనే పేరుతో వచ్చిన వ్యాసంలోనే ఆ అంకెలు ఉన్నాయి. అసలు పేరు విలియం గాసెట్. డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కర్మాగారంలో ఉద్యోగి. సొంత పేర్లతో ప్రచురించడానికి ఆ సంస్థ ఒప్పుకోలేదు కాబట్టి స్టూడెంట్ అన్న పేరు పెట్టుకున్నాడు. ఆయన ముందున్న సమస్య మన అమ్మాయి సమస్యే. బార్లీ పంట మీద పరిశీలనలు, చేతిలో నాలుగైదు కొలతలు, వాటితో గట్టిగా ఏమి చెప్పగలం అన్నది. ఆ బార్లీ స్థానంలో ఇప్పుడు మన రాగి వచ్చింది, అంతే. తొమ్మిది పొలాల లెక్కను వేల కొలతల లెక్కలా చూడకూడదని ఆయన పట్టుబట్టబట్టే మనకు ఈ పట్టిక దొరికింది. డీఎఫ్ 8కి రెండు వైపుల 5 శాతం గీత 1.96 దగ్గర కాదు, 2.306 దగ్గర ఉంటుంది. అమ్మాయి టి విలువ 2.00 సరిగ్గా ఈ రెండింటి నడుమ పడింది. డీఎఫ్ చూడకుండా 1.96 పట్టుకున్నవాళ్లు ఇక్కడే జారిపడతారు.

ఇంకో సరిచూపు కూడా చెబుతాను. టి విలువను వర్గం చేస్తే 4. టి వర్గాలు పరుచుకునే ఎఫ్ విభాజనంలో డీఎఫ్‌లు 1, 8 పెట్టి 4కు కుడి తోక అడగండి. 0.0805 వస్తుంది, రెట్టింపు చేయనక్కరలేదు. వర్గం చేసినప్పుడే మైనస్ 2, ప్లస్ 2 ఒకే చోటికి చేరాయి కదా. ఈ కారణంగానే ఎఫ్ విలువకు రెండు తోకలు అని రెట్టింపు చేయడం తప్పు. పరీక్ష పత్రాల్లో ఇది తరచూ చూస్తాను.


మహేంద్రతనయ
జనవరి 12, రాత్రి 7:30

కాగితం మీద బొమ్మ గీశాను మాస్టారూ. రెండు తోకలకూ పెన్సిల్‌తో రంగు వేశాను. నా స్నేహితురాలిని పిలిచి చూపించాను, తను పెద్ద ముక్కను రెట్టింపు చేసిందని తనే చెప్పింది. ఎఫ్ సరిచూపు కూడా కలిసింది. చాలా సంతోషంగా ఉంది.

ఇప్పుడు అసలు చిక్కు మిగిలింది. 0.0403 కూడా ఒక రకంగా సరైన సంఖ్యే అంటున్నారు. అలాంటప్పుడు గైడు గారు ఒక వైపు పరీక్ష అంటే కాదని ఎలా అనగలను?


బరంపురం అంకెలు
జనవరి 12, రాత్రి 8:45

నేను వైద్య పరిశోధనల్లో అంకెలు చూసే పనిలో ఉన్నాను. ఒక వైపు పరీక్షను పాపంలా చూడకూడదని ముందే చెబుతున్నాను. కొత్త మందు పాతదానికన్నా తీసికట్టు కాదని చూపే పరీక్షల్లో ప్రశ్నే ఒక వైపుది, అక్కడ ఒక వైపు పరీక్షే చేస్తారు. గీత కూడా 5 శాతం దగ్గర కాకుండా 2.5 శాతం దగ్గర పెట్టడం మామూలు. అయితే ఇదంతా ఒక్క రోగి కూడా చేరకముందే ప్రణాళికలో రాసి ఉంటుంది.

మీ గైడు గారి మాటలో ఒక న్యాయం ఉంది. వరుస నాటు మేలని ఆయన ఎన్నో పొలాల్లో చూసి ఉంటారు. కానీ ఆ నమ్మకంతో ఒక వైపు చూస్తామని పొలం దున్నకముందు అనుకున్నారా, టి విలువ 2.00 వచ్చాక అనుకున్నారా?


గుణుపురం మాస్టారు
జనవరి 12, రాత్రి 9:20

అదే మాట. అంకెలు చూశాక తోకను ఎంచుకుంటే ఏమవుతుందో లెక్క కట్టి చూపిస్తాను. తేడా నిజంగా ఏమీ లేదనుకోండి. పెరిగినట్టు కనిపిస్తే కుడి తోక చూస్తాను, తగ్గినట్టు కనిపిస్తే ఎడమ తోక చూస్తాను, రెండు చోట్లా గీత 5 శాతమే అంటే, మనం తప్పుగా నక్షత్రం పెట్టే అవకాశం ఐదు శాతం కాదు, పది శాతం. పేపరు మీద ఐదు అని రాసి, పది మోసుకుంటున్నాం.

ఇంకొకటి. దిగుబడి పెరుగుతుందే గాని తగ్గదు అంటున్నారు. అమ్మాయి అంకెలు చూడండి. నాలుగో రైతుకు 6.5 నుంచి 6.1కి తగ్గింది. ఐదో రైతుకు 0.3, ఆరో రైతుకు 0.1 తగ్గాయి. తొమ్మిది మందిలో ముగ్గురికి తగ్గిన చోట, తగ్గడం అనే ప్రశ్నను పక్కన పెట్టడం ఆ ముగ్గురికీ న్యాయం కాదు.


సిరొంచ ఒడ్డు
జనవరి 12, రాత్రి 10:05

మహేంద్రతనయ గారూ, పరిశీలన మొదలుపెట్టే ముందు మీరు కాలేజీకి ఒక ప్రతిపాదన ఇచ్చి ఉంటారు. అందులో ప్రశ్న ఏ మాటల్లో రాశారో చూడండి. పెరుగుతుందా అని ఉంటే ఒక మాట, తేడా ఉందా అని ఉంటే ఇంకో మాట. వాదన అక్కర్లేకుండా ఆ కాగితమే తేలుస్తుంది.


చోడిచేను (రాయగడ)
జనవరి 13, ఉదయం 5:55

నేను లెక్కల మనిషిని కాదు. మేము ఇంట్లో చోళ్లు అంటాం, ఒడియాలో మాండియా, పుస్తకంలో రాగులు. పదేళ్లుగా ఈ పంట చుట్టూనే తిరుగుతున్నాను, ఊళ్లలో రైతులతో పని. మూడు సంగతులు అడగాలి.

ఆ నాలుగో మడిలో ఎందుకు తగ్గింది? నారు ముదిరిందా? రెండు మళ్ల వెన్నులూ ఒకేలా ఎండాయా, లేక ఒకటి ముందు, ఒకటి వెనక తూచారా? పచ్చి గింజ బరువు తూగుతుంది.

మూడోది, సెంటుకు 0.4 కిలో అంటే ఎకరాకు 40 కిలోలు. 2024-25లో రాగికి కనీస మద్దతు ధర క్వింటాకు 4,290 రూపాయలు. అంటే ఎకరాకు 1,716 రూపాయలు ఎక్కువ. నారు పోయడానికి, పీకడానికి, వరుస పట్టి నాటడానికి ఎక్కువ కూలి అయ్యేది ఎంత? నేను తిరిగే ఊళ్లలో రైతు మొదట అడిగేది ఇదే. పి విలువ 0.04 అయినా 0.08 అయినా ఈ ప్రశ్న అలాగే ఉంటుంది. మీరు తప్పుగా అనుకోకండి, మీ పని విలువైనదని నమ్మబట్టే అడుగుతున్నాను.


మహేంద్రతనయ
జనవరి 13, రాత్రి 9:10

చోడిచేను అన్నయ్యా, తప్పుగా అనుకోవడం ఎందుకు? పొలం చూసినవాళ్లు అడగవలసిన ప్రశ్నలు ఇవి.

నాలుగో పొలంలో నారు ముదిరింది, నిజమే. అక్కడ వాన ఆలస్యమై నాటడం వెనక్కి పోయింది. నారుమడిలోనే నెల దాటింది. పీకుతుంటే వేళ్లు తెగుతున్నాయని ఆ ఇంటి అత్త అంటూనే ఉంది, నా డైరీలో రాసుకున్నాను. ఎండబెట్టడం మాత్రం అన్ని చోట్లా రెండు మళ్లదీ ఒకే కళ్లంలో, ఒకేసారి. ఒకే కాటా మీద, ఒకే రోజు, నేనే నిలబడి తూచాను. కూలి లెక్క తీసుకోలేదు. అది నా లోపం. రేపటి నుంచి తొమ్మిది ఇళ్లకూ తిరిగి అడుగుతాను.

ప్రతిపాదన తీశాను. మే నెలలో నేను రాసిన వాక్యం: రెండు పద్ధతుల దిగుబడిలో తేడా ఉందా అని తెలుసుకోవడం. పెరుగుదల అనే మాట ఎక్కడా లేదు.

ఆ కాగితం, మాస్టారు చెప్పిన బొమ్మ, రెండూ పట్టుకుని ఇవాళ గైడు గారి దగ్గరికి వెళ్లాను. చేతులు వణికాయి. ఆయన బొమ్మ చూశారు. తగ్గిన మూడు మళ్లనూ వేలితో చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, సరే, రెండు వైపులదే వేయి, నక్షత్రం వద్దు, కానీ తేడా లేదని మాత్రం రాయకు అన్నారు. ఆ చివరి మాట నాకు సరిగ్గా అర్థం కాలేదు.


బరంపురం అంకెలు
జనవరి 13, రాత్రి 10:00

మీ గైడు గారు చాలా విలువైన మాట అన్నారు. 0.0805 అంటే తేడా లేదని రుజువైనట్టు కాదు. 95 శాతం విశ్వాస అంతరం కట్టండి. 0.4కు అటూ ఇటూ 2.306 రెట్ల 0.2. సెంటుకు మైనస్ 0.06 నుంచి 0.86 కిలోల దాకా వస్తుంది. ఎకరాకు ఆరు కిలోలు తగ్గడం దగ్గర మొదలై ఎనభై ఆరు కిలోలు పెరగడం దాకా, ఇందులో ఏదైనా ఈ అంకెలతో పొసుగుతుంది. సున్నా లోపలే ఉంది, కాబట్టి తేడా ఉందని ఘంటాపథంగా చెప్పలేం. కానీ అంతరంలో పెద్ద భాగం పెరుగుదల వైపే ఉంది. ఈ రెండూ పక్కపక్కన రాయండి. రైతుకు ఉపయోగపడేది ఈ అంతరమే, పి విలువ కాదు.


జయపురం కోడర్
జనవరి 13, రాత్రి 10:40

వచ్చే ఖరీఫ్‌లో మళ్లీ చేయాలంటే ఎన్ని పొలాలు కావాలో చూశాను. నిజమైన తేడా 0.4, విచలనం 0.6 అనుకుందాం. రెండు వైపుల 5 శాతం గీతతో, నూటికి ఎనభై సార్లు పట్టుకోవాలంటే దాదాపు 20 జతలు ఉండాలి. మీ తొమ్మిది సరిపోలేదంటే అది మీ పని లోపం కాదు, పొలాలు తక్కువ.


గుణుపురం మాస్టారు
జనవరి 14, ఉదయం 7:05

ఇరవై అంటే ఇంకో పదకొండు పొలాలు వెతకాలి. ఒక్క జాగ్రత్త. ఈ తొమ్మిదితో కొత్త పదకొండు కలిపి మళ్లీ పరీక్షించి, అప్పుడు గీత దాటిందని అనకూడదు. మధ్యలో ఒకసారి చూసి ఇంకొంచెం పెంచడం కూడా తోక ఎంచుకోవడం లాంటిదే. కొత్తగా ఇరవై పెట్టి, ప్రశ్న ముందే రాసుకుని, వాటినే పరీక్షించాలి. పాత రైతులు కూడా అందులో ఉండవచ్చు, కొలతలు మాత్రం కొత్తవి కావాలి.

గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడి. పుస్తకం భాష జనం నోటి భాషకు దగ్గర కావాలని ఆయన పోరాడారు. అక్కడి అమ్మాయి పి విలువ గురించి తెలుగులో అడిగి తెలుసుకుందంటే, ఈ వయసులో నాకు అంతకన్నా ఏం కావాలి? ఎప్పుడైనా గుణుపురం రైలు ఎక్కి ఇంటికి రా అమ్మా. పాత పట్టికల పుస్తకం ఒకటి నీ కోసం తీసి పెడతాను.


మహేంద్రతనయ
జనవరి 14, రాత్రి 8:20

తప్పకుండా వస్తాను మాస్టారూ. పట్టికలో ఇలా రాశాను: జతల టి పరీక్ష, టి 2.00, డీఎఫ్ 8, రెండు వైపుల పి 0.081, తేడా సగటు ఎకరాకు 40 కిలోలు, 95 శాతం విశ్వాస అంతరం మైనస్ 6 నుంచి 86 కిలోలు. దాని కింద తొమ్మిది పొలాల అంకెలూ విడివిడిగా ఇచ్చాను, నాలుగో పొలంలో నారు ముదిరిన సంగతితో సహా. ఇవాళ మూడు ఇళ్లలో కూలి లెక్క రాసుకొచ్చాను, ఇంకా ఆరు ఉన్నాయి.

చోడిచేను అన్నయ్యా, వచ్చే ఏడు ఇరవై పొలాలకు గైడు గారు సరే అన్నారు. మా వైపు పన్నెండు దాకా కుదురుతాయి.


చోడిచేను
జనవరి 15, ఉదయం 5:30

మిగతా ఎనిమిది నేను చూస్తాను. గుణుపురం అవతల మూడు ఊళ్లలో అడుగుతాను, ఒప్పుకునేవాళ్లు ఉన్నారు. మే నెలాఖరుకల్లా మీ ప్రశ్న రాసిన కాగితం నాకు పంపండి, తెలుగులోనూ ఒడియాలోనూ. నారు పోసే తేదీ ప్రతి ఇంట్లో గోడ మీద రాయిస్తాను, ముదరకముందే నాటాలి కదా. కూలి లెక్కకు ఒక పుస్తకం మొదటి రోజు నుంచే పెడదాం.